పాటైతే పాడతా సార్, మాట్లాడుమంటేనే భయమైతది

ఈ ఎపిసోడ్‌లో మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటి తీసుకుందాం. "సార్, ఇంగ్లీష్ పాటలు వింటే ఇంగ్లీష్ వచ్చేస్తుందా?"

ముందు షార్ట్‌గా ఆన్సర్ చెప్పేస్తా. ఊరికే వింటే రాదు. నోరు తెరిచి పాడితే కొంత వస్తుంది. అదే ట్యూన్‌లో పాటలోని మాటలు తీసేసి మీ సొంత మాటలు పెట్టి పాడితే, అప్పుడు పని జరుగుతుంది. ఈ మూడో ముక్క నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది కూడా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి నేర్పింది. ఆ కథ చెప్తాను. దానికి ముందు నా కథ కొంచెం వినండి.

నేను జగిత్యాల జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. డిగ్రీ అయ్యాక అందరిలాగే హైదరాబాద్ బస్సెక్కి ఒక కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి వెళ్ళాను. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" కి ఆన్సర్ రాత్రంతా బట్టీ పట్టాను. గ్రామర్‌లో తప్పు లేదు, ఇప్పటికీ గ్యారంటీ ఇస్తా. చెప్పడం మొదలుపెట్టాను. అవతలి మేడమ్ "సారీ?" అంది. మళ్ళీ చెప్పాను. "కెన్ యు రిపీట్?" అంది. మూడోసారి ఇంకా గట్టిగా చెప్పాను. ఆమె చిన్నగా నవ్వి, ఓకే థాంక్యూ అంది. అంతే, ఐదు నిమిషాల్లో బయట ఉన్నాను.

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. నేను మాట్లాడింది ఇంగ్లీషే కదా, ఆమెకి ఎందుకు అర్థం కాలేదు? తర్వాత బీఈడీలో చేరాక మెల్లగా తెలిసింది. నా మాటలు కరెక్టే, తాళం తప్పింది.

తాళం అంటే ఏంటో చెప్తా. తెలుగులో మనం ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలుకుతాం. హ్రస్వం ఉంటుంది, దీర్ఘం ఉంటుంది, కానీ ఏ అక్షరాన్నీ మింగేయం. ఇంగ్లీష్‌లో అలా కాదు. ఒక మాటలో ఒక ముక్క గట్టిగా పలుకుతారు, మిగతావి నలిపేస్తారు. "బనానా" మనకి మూడు సమానమైన ముక్కలు. వాళ్ళకి నడిమి "నా" ఒక్కటే గట్టిగా ఉంటుంది, మొదటి "బ" వినీ వినపడకుండా పోతుంది. "వెజిటబుల్" అని మనం ఓపిగ్గా అంటాం, వాళ్ళు "వెజ్‌టబుల్" అని తేల్చేస్తారు. వాక్యంలో కూడా అంతే. "టు", "ఆఫ్", "ఫర్", "ద" లాంటి చిన్న మాటల్ని నలిపేసి అసలు మాటల మీద బరువు వేస్తారు. నేను ఇంటర్వ్యూలో ప్రతి మాట మీదా ఒకే బరువు వేశాను. వినేవాళ్ళకి ఏది ముఖ్యమో, ఏది కాదో తెలియలేదు.

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి నాతో పాటు చప్పట్లు కొట్టండి. బస్సులో ఉంటే తొడ మీద వేలితో కొట్టుకోండి. మూడు దెబ్బలే.

గర్ల్స్ – సింగ్ – సాంగ్స్.

మూడు మాటలు, మూడు చప్పట్లు. ఇప్పుడు అదే మూడు చప్పట్లలో ఇది అనండి.

ద గర్ల్స్ – ఆర్ సింగింగ్ – ద సాంగ్స్.

ఇంకోటి.

ద గర్ల్స్ – హావ్ బీన్ సింగింగ్ – ద సాంగ్స్.

మాటలు పెరిగాయి, చప్పట్లు పెరగలేదు. "గర్ల్స్", "సింగ్", "సాంగ్స్" మీదే దెబ్బ పడాలి. "హావ్ బీన్" ఆ మధ్య ఖాళీలో ఇరుక్కుని పోవాలి. తాళంలో ఇరకాలంటే ఆ చిన్న మాటల్ని నలపక తప్పదు. ఇంగ్లీష్ తాళం అంటే ఇదే. ఇది పుస్తకం చదివితే రాదు, చెయ్యి కదిలితే వస్తుంది.

రెండో సంగతి. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే అయిపోతాయి. అందుకే తెలుగును అజంత భాష అంటారు. అందువల్ల ఇంగ్లీష్ మాట దొరికితే చాలు, చివర్లో ఒక "ఉ" తగిలిస్తాం. బస్ బస్సు అయింది, కార్ కారు అయింది, బుక్ బుక్కు, పెన్ పెన్ను. ఇది మన ఒక్కళ్ళ అలవాటు కాదు, తమిళంవాళ్ళకీ ఉంది. 2011లో "కొలవెరి" పాట దేశమంతా మోగిపోయింది గుర్తుందా? ధనుష్ పాడాడు, అనిరుధ్ మ్యూజిక్. అందులో సరదా అంతా చిన్న చిన్న ఇంగ్లీష్ మాటలకి "ఉ" తగిలించడంలోనే ఉంది. మనం నవ్వుకుంటూ పాడుకున్నాం గానీ, అది మన నోటి అలవాటే.

తెలుగు మాట్లాడేటప్పుడు బస్సు అనండి, కారు అనండి. అది తప్పు కానే కాదు, ఆ మాటలు మనవైపోయాయి. ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు మాత్రం ఆ "ఉ" ఒక ముక్కని పెంచుతుంది, తాళం జారిపోతుంది. పాట ఇక్కడే పనికొస్తుంది. పాటలో ఒక్కో ముక్కకి ఒక్కో స్వరం లెక్కగా ఉంటుంది. "బుక్" ఉన్నచోట "బుక్కు" అంటే ఒక ముక్క ఎక్కువై ట్యూన్ తప్పుతుంది. టీచర్ కరెక్ట్ చేయక్కర్లేదు, మీ చెవికే తెలిసిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. మనకి సంధులు ఉన్నట్టే వాళ్ళ మాటలు కూడా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. "వాడు ఎక్కడ" అనేది "వాడెక్కడ" అయినట్టే, "గెట్ అప్" అనేది "గెటప్" అవుతుంది. "హీరో గెటప్ మారింది" అని మనం రోజూ అనే మాట అలా అతుక్కున్నదే. పాటల్లో ఈ అతుకులు బాగా వినిపిస్తాయి.

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. న్యూయార్క్‌లో ఇంగ్లీష్ చెప్పిన కరోలిన్ గ్రాహమ్ అనే టీచర్ సంగీతం కూడా తెలిసిన మనిషి. మామూలు అమెరికన్ మాటల్లోనే జాజ్ సంగీతం బీట్ ఉందని పట్టుకుని, చప్పట్లతో చెప్పే పాఠాలు తయారు చేసింది. 1978లో "జాజ్ చాంట్స్" అని పుస్తకం వచ్చింది. ప్రపంచంలో చాలాచోట్ల టీచర్లు ఆ పద్ధతి వాడుతున్నారు.

ఎడిన్‌బరో యూనివర్సిటీ పరిశోధకులు కూడా ఒక ప్రయోగం చేశారు, 2013లో బయటికొచ్చింది. 60 మంది పెద్దవాళ్ళకి, అసలు పరిచయం లేని హంగేరియన్ భాషలో చిన్న చిన్న వాక్యాలు పదిహేను నిమిషాలు నేర్పారు. కొందరికి మామూలుగా చెప్పారు, కొందరికి తాళంతో చెప్పారు, కొందరితో పాడించారు. తర్వాత పరీక్ష పెడితే, ముఖ్యంగా ఆ వాక్యాల్ని తిరిగి నోటితో చెప్పడంలో, పాడినవాళ్ళు ముందున్నారు. అయితే అది పదిహేను నిమిషాల ప్రయోగమే, చిన్న వాక్యాలే. దాన్ని చూపించి "పాడితే చాలు ఇంగ్లీష్ వచ్చేస్తుంది" అనడం కరెక్ట్ కాదు. ఎందుకు కాదో ఇప్పుడు చెప్తాను.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నాకు చాలా హుషారు. బ్లూటూత్ స్పీకర్ కొని క్లాసుకి పట్టుకెళ్ళి, అప్పుడు హిట్టయిన ఇంగ్లీష్ పాట పెట్టాను. పిల్లలు ఎగిరి గంతులేశారు. పక్క క్లాసు పిల్లలు కిటికీల్లోంచి చూశారు. హెడ్‌మాస్టర్ గారు వచ్చి "ఏంది సార్, పెళ్ళి బరాతా ఇది?" అన్నారు. ఆ రోజు ఇంగ్లీష్ ఎవరికీ రాలేదు. రెండు వారాల తర్వాత యూనిట్ టెస్ట్‌లో ఒకడు "గోయింగ్ టు" రాయాల్సిన చోట "గోనా" అని రాశాడు. ఇంకొకడు "హీ డోంట్" అని రాశాడు. మార్కులు ఎలా కొయ్యాలో అర్థం కాలేదు, నేను పెట్టిన పాటలోనే అలా ఉంది మరి. పాటలో గ్రామర్ వంగుతుంది ఫ్రెండ్స్. మన సినిమా పాటల్లో వంగదా? అంతే అది కూడా. పాట చెవికీ నోటికీ టీచర్, పరీక్ష పేపర్‌కి కాదు.

అప్పటినుంచి జాగ్రత్తగా, నెమ్మదిగా ఉండే పాటలు, యాక్షన్ పాటలు ఎంచుకున్నాను. బాగా నడిచింది. ఇంకో సంగతి కూడా నాకు తోడైంది. తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. నిన్నటిదాకా తెలుగులో చదివిన పిల్లలకి ఒక్కసారిగా సైన్సు, సోషల్ అన్నీ ఇంగ్లీష్‌లో వచ్చి పడ్డాయి. పాట అంటే వాళ్ళకి కాస్త ఊపిరి తీసుకున్నట్టు ఉండేది.

అప్పుడు ఎనిమిదిలో ఈ అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. బతుకమ్మ వస్తే ఊళ్ళో పాట ఎత్తుకునేది ఈమే. పెద్దవాళ్ళు కూడా వెనక అందుకోవాల్సిందే. అంత గొంతు. ఇంగ్లీష్ పాటలు పన్నెండు నేర్చుకుంది, ఒక్క ముక్క తప్పేది కాదు. నాకు గర్వం. ఎవరొచ్చినా ఈమెను నిలబెట్టి పాడించేవాణ్ణి.

ఒకరోజు పై ఆఫీసర్ ఒకరు స్కూల్ చూడ్డానికి వచ్చారు. ఈమె పాడింది. ఆయన చాలా సంతోషపడి, దగ్గరికి పిలిచి, "వెరీ గుడ్. వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగారు. మంచి మనిషే, ప్రేమగానే అడిగారు.

ఈమె తల దించుకుంది, మాట లేదు. ఆయన మళ్ళీ మెల్లగా అడిగారు. "అండ్ యువర్ మదర్?" అప్పుడూ లేదు. క్లాసంతా సైలెంట్. నాకు నా ఇంటర్వ్యూ గుర్తొచ్చింది.

సాయంత్రం అడిగాను, "ఏమైంది బిడ్డా? ప్రశ్న అర్థం కాలేదా?"

"అయింది సార్."

"మరి?"

"పాటైతే పాడతా సార్. మాట్లాడుమంటేనే భయమైతది. పాటల మాటలు ఆడనే ఉంటయి. అడిగినప్పుడు నా కాడ మాటలు ఉండయి."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వాళ్ళ నాన్న దుబాయ్‌లో పని చేస్తాడు. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. మా వైపు ఎన్ని ఇళ్ళల్లో ఇదే కథో మీకు తెలుసు. మరి నేను నేర్పిన పన్నెండు పాటల్లో దుబాయ్ ఉందా? బీడీలు ఉన్నాయా? చేపలు, నక్షత్రాలు, బస్సు చక్రాలు ఉన్నాయి. టెక్స్ట్‌బుక్ చూస్తే డాక్టర్, ఇంజనీర్. ఆమె బతుకు గురించి ఒక్క ఇంగ్లీష్ వాక్యం కూడా ఆమె చేతిలో పెట్టకుండా, ఆమె గొంతుని నేను షోకి వాడుకున్నాను. తప్పు నాది.

టిమ్ మర్ఫీ అనే ఆయన 1992లో యాభై ఇంగ్లీష్ పాప్ పాటల్ని తీసుకుని మాట మాట విడదీసి చూశాడు. వాక్యాలు చిన్నవి, మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, "నేను", "నువ్వు" చాలా ఉంటాయి గానీ ఆ నేనెవరో, నువ్వెవరో ఉండదు. అందుకే ఎవరైనా ఆ ఖాళీలో తమని పెట్టుకోవచ్చు. అది పాట బలం. కానీ ఆ ఖాళీని నింపుకోవాల్సింది మనమే. నేను నింపనివ్వలేదు.

అప్పుడు పద్ధతి మార్చాం. బతుకమ్మ పాట ఎలా నడుస్తుంది? ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు, అందరూ ఒకేసారి చప్పట్లు కొడతారు. ఇంగ్లీష్‌కి కావాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి! ప్రశ్న ఉంది, జవాబు ఉంది, తాళం ఉంది. క్లాసులో బెంచీలు జరిపి గుండ్రంగా నిలబడ్డాం. ఒకరు ప్రశ్న ఎత్తుకోవాలి.

వాట్ – డజ్ యువర్ మదర్ – డూ?

పక్కనున్నవాళ్ళు చప్పట్లోనే జవాబు చెప్పాలి. కరెక్టా తప్పా తర్వాత చూద్దాం, చప్పట మాత్రం ఆగకూడదు.

మై మదర్ – రోల్స్ – బీడీస్.

మై ఫాదర్ – వర్క్స్ – ఇన్ దుబాయ్.

మొదట్లో పిల్లలు నవ్వారు. బీడీలు అనే మాట ఇంగ్లీష్ క్లాసులో వినపడటమే వాళ్ళకి వింత. ఒకడు "మై గ్రాండ్‌మదర్ సెల్స్ ఫిష్" అన్నాడు. ఒకడు "మై ఫాదర్ డ్రైవ్స్ ఆటో" అన్నాడు. అప్పుడు నేను "డ్రైవ్స్ ఎన్ ఆటో" అని తాళంలోనే కలిపి అందించాను, వాడు చప్పట ఆపకుండా అందుకున్నాడు. కరెక్ట్ చేసినట్టే తెలియలేదు. గమనించండి, "రోల్స్", "సెల్స్", "వర్క్స్". ఈ చివరి "స్" కోసం నేను బోర్డు మీద ఎన్నిసార్లు రూల్ రాశానో లెక్క లేదు. రూల్‌తో రానిది చప్పట్లతో నోటికి అలవాటైంది.

ఆ అమ్మాయి మూడో రోజు ప్రశ్న ఎత్తుకుంది. అందర్నీ అడుగుతూ గుండ్రంగా తిరిగి, నా దగ్గరికొచ్చి ఆగింది.

వాట్ – డజ్ యువర్ మదర్ – డూ, సార్?

చప్పట్లు నడుస్తున్నాయి. నాకు నోరు పెగల్లేదు. ఎందుకంటే మా అమ్మ కూడా బీడీలే చుట్టేది. తునికాకు కత్తిరించి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఆ డబ్బులతోనే నన్ను చదివించింది. ఆ రోజు హైదరాబాద్ ఇంటర్వ్యూలో నేను బట్టీ పట్టిన వాక్యం ఏంటో తెలుసా? "మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్." ఇన్నేళ్ళలో నేను ఆ నిజం ఇంగ్లీష్‌లో ఎవరికీ చెప్పలేదు. పిల్లల ముందు మొదటిసారి చెప్పాను. "మై మదర్ రోల్డ్ బీడీస్." పిల్లలు చప్పట తప్పకుండా అందుకున్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇంగ్లీష్ గడగడా మాట్లాడేస్తుందని చెప్పను, అబద్ధం అవుతుంది. తప్పులు ఉన్నాయి. కానీ అడిగితే తల దించుకోదు, ఆగి, మాట వెతుక్కుని చెప్తుంది.

ట్యూన్ పాతది, మాటలు మనవి. ఇది కొత్త ఐడియా ఏం కాదు. మీరు చిన్నప్పుడు పాడిన ఏబీసీడీ పాట, ట్వింకిల్ పాట, బా బా బ్లాక్ షీప్, మూడూ లోపల్లోపల పాడి చూడండి. ట్యూన్ ఒకటే! అది పాత ఫ్రెంచ్ ట్యూన్, మొజార్ట్ కూడా దాని మీద పియానో సంగీతం రాశాడు. ట్వింకిల్ మాటలు జేన్ టేలర్ రాసిన పద్యం, 1806లో అచ్చయింది.

మనవాళ్ళలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2023 మార్చిలో "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చినప్పుడు కీరవాణి గారు స్టేజీ మీద ఏం చేశారు? కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానన్నారు. నేను ముందు వడ్రంగులు అనుకున్నా, నవ్వకండి. కార్పెంటర్స్ అంటే అన్నాచెల్లెళ్ళ అమెరికన్ బ్యాండ్. వాళ్ళ "టాప్ ఆఫ్ ద వరల్డ్" ట్యూన్‌లో తన మాటలు పెట్టి, తన మనసులో ఉన్నది పాడారు. అంత పెద్ద స్టేజీ మీద ఆయన చేసింది, మా క్లాసులో పిల్లలు చేసింది ఒకటే పని.

సరే, మీకు క్లాస్‌రూమ్ లేదు, ఫోన్ ఉంది. ఏం చేయాలో చెప్తా, రాసుకోండి.

ఒకటి. నెమ్మదిగా ఉండే పాట ఒక్కటే తీసుకోండి. వారానికి ఒక్కటి చాలు. ర్యాప్‌తో మొదలుపెట్టొద్దు. చిన్నపిల్లల పాటైనా సిగ్గుపడొద్దు.

రెండు. లిరిక్స్ చూడకుండా మూడుసార్లు వినండి. మీకు వినపడింది వినపడినట్టు తెలుగు అక్షరాల్లోనే రాయండి. తర్వాత లిరిక్స్ తెరిచి పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే నలిగిన మాటో, అతుకో ఉంటుంది. మీ పాఠం అదే.

మూడు. యూట్యూబ్‌లో స్పీడ్ 0.75 పెట్టుకుని, చప్పట కొడుతూ కలిసి పాడండి. తర్వాత మామూలు స్పీడ్.

నాలుగు. ట్యూన్ తీసేయండి. చప్పట మాత్రం ఉంచి, అవే మాటల్ని మామూలుగా మాట్లాడినట్టు చెప్పండి. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు, అందరికీ అంతే.

ఐదు. పాటలోంచి ఒక్క వాక్యం తీసుకుని మీ మాటలు పెట్టండి. మీ ఊరు, మీ అమ్మ, మీ బండి, మీ బ్యాక్‌లాగ్స్, ఏదైనా సరే. రోజుకి మూడు వాక్యాలు. ఇది వదిలేస్తే మొదటి నాలుగూ కాలక్షేపమే.

ఆ తర్వాత మనిషితో మాట్లాడాలి. ఎదుటివాళ్ళు ఏం అడుగుతారో ముందే తెలియదు కదా, ఆ ప్రాక్టీస్ ఏ పాటా ఇవ్వదు. ఫ్రెండ్ ఒకర్ని పట్టుకోండి, రోజూ పది నిమిషాలు.

మీకు హోంవర్క్ ఇస్తున్నా. మీ అమ్మగానీ నాన్నగానీ ఏం పని చేస్తారో ఒక్క ఇంగ్లీష్ వాక్యంలో, ఉన్నది ఉన్నట్టు, కామెంట్‌లో రాయండి. రాసే ముందు మూడు చప్పట్లతో పైకి అనండి. తప్పులుంటే నేను సరిచేసి రిప్లై ఇస్తాను, ఎవరూ ఎవర్నీ వెక్కిరించొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంటర్వ్యూలో మొదటి రెండు నిమిషాలు ఎలా మాట్లాడాలో చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.